జె_సెక్యూరిటీ_చెక్‌ని పట్టుకోవడం: ఫారం లాగిన్ రిక్వెస్ట్ మధ్యలో మన కోడ్ నడిపించే పద్ధతులు

జావా వెబ్ అప్లికేషన్‌లో ఫారం లాగిన్ (లాగిన్ పేజీ మనది, పాస్‌వర్డ్ సరిచూసే పని సర్వర్‌ది) పెట్టుకున్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ అవసరం వచ్చి తీరుతుంది. యూజర్ లాగిన్ బటన్ నొక్కగానే మన కోడ్ కూడా నడవాలి. ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారో ఆడిట్ టేబుల్‌లో రాయాలి, తప్పు పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టారో లెక్కపెట్టాలి, క్యాప్చా సరిచూడాలి. ఎవరికైనా ముందుగా తట్టేది ఫిల్టరే. ఒక ఫిల్టర్ (రిక్వెస్ట్ మన పేజీ కోడ్‌కి చేరేముందు నడిచే క్లాస్) రాసి, దాన్ని జె_సెక్యూరిటీ_చెక్‌కి (లాగిన్ ఫారం పోస్ట్ అయ్యే ప్రత్యేక అడ్రస్) మ్యాప్ చేసి, టామ్‌క్యాట్ అనే జావా వెబ్ సర్వర్‌లో డిప్లాయ్ చేస్తారు. లాగిన్ బాగానే అవుతుంది. ఫిల్టర్‌లో పెట్టిన లాగ్ లైను మాత్రం పడదు, ఎర్రరూ రాదు. మ్యాపింగ్‌లో స్లాష్ తీసి చూస్తారు, స్టార్ పెట్టి చూస్తారు, ఫిల్టర్ల వరుస మార్చి చూస్తారు. ఏం చేసినా అంతే.

తప్పు మ్యాపింగ్‌లో లేదు. ఆ రిక్వెస్ట్ అసలు ఫిల్టర్ దాకా రాదు. ఎందుకు రాదో తెలిస్తే, దాన్ని ఎక్కడ పట్టుకోవాలో తేల్చుకోవడం సులువు.

ఈ వ్యాసంలో క్లాసుల పేర్లు, సెట్టింగుల పేర్లు అన్నీ తెలుగు లిపిలోనే ఉంటాయి. కోడ్‌లో రాసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసుకోండి.

దశ 1: ముందు బ్రౌజర్‌లో కళ్లారా చూడండి

కోడ్ ముట్టుకోకముందే బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి. పేజీ మారినా లాగ్ చెరిగిపోకుండా ఉంచే టిక్ పెట్టుకోండి. ఉదాహరణకు ఒక కాలేజీ పోర్టల్ అనుకుందాం, అందులో మార్కుల పేజీకి రక్షణ పెట్టారు. లాగిన్ అవకుండా నేరుగా ఆ పేజీ అడగండి.

మొదటి గెట్ రిక్వెస్ట్‌కి 200 వస్తుంది, కానీ కనిపించేది లాగిన్ ఫారం. అడ్రస్ బార్‌లో మార్కుల పేజీ అడ్రసే ఉంటుంది. అంటే టామ్‌క్యాట్ బ్రౌజర్‌ని లాగిన్ పేజీకి రీడైరెక్ట్ చేయలేదు, సర్వర్ లోపలే ఫార్వర్డ్ చేసింది. అదే సమయంలో ఒక సెషన్ తెరిచి, మీరు అసలు అడిగిన రిక్వెస్ట్‌ని అందులో దాచిపెట్టింది. రెస్పాన్స్‌లో జెసెషన్‌ఐడీ కుకీ కనిపించేది అందుకే.

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి పంపితే జె_సెక్యూరిటీ_చెక్‌కి పోస్ట్ వెళ్తుంది. అందులో ఉండే ఫీల్డులు రెండు, జె_యూజర్‌నేమ్, జె_పాస్‌వర్డ్. పాస్‌వర్డ్ సరైనదైతే ఇప్పటి టామ్‌క్యాట్ 303 రీడైరెక్ట్‌తో మార్కుల పేజీకి పంపుతుంది. కొత్త సెషన్ ఐడీ కూడా ఇస్తుంది, ఎందుకంటే లాగిన్ సమయంలో ఐడీ మార్చడం అక్కడ డిఫాల్ట్. మూడో రిక్వెస్ట్‌లో, దాచిపెట్టిన పాత రిక్వెస్ట్‌ని తిరిగి తీసి అసలు పేజీ చూపిస్తుంది. పాస్‌వర్డ్ తప్పైతే 303 ఉండదు. ఎర్రర్ పేజీకి లోపలే ఫార్వర్డ్ అవుతుంది, బ్రౌజర్‌కి అందేది 200. లాగిన్ ఫెయిలయినా 200 అన్న సంగతి గుర్తుంచుకోండి. యాక్సెస్ లాగ్‌లో 401ల కోసం వెతికేవాళ్లకు అవి ఎప్పటికీ దొరకవు.

ఈ జె_ పేర్లు సర్వ్‌లెట్ (రిక్వెస్ట్‌కి జవాబిచ్చే జావా క్లాస్) స్పెసిఫికేషన్ పెట్టినవి, 1999 నాటి 2.2 వెర్షన్‌ నుంచీ ఉన్నాయి. ఫిల్టర్లు వచ్చింది ఆ తర్వాత, 2001లో 2.3తో. టామ్‌క్యాట్ లోపల ప్రతి రిక్వెస్ట్ వాల్వ్‌ల (టామ్‌క్యాట్ సొంత ఫిల్టర్లలాంటి క్లాసులు) వరుస గుండా నడుస్తుంది. ఫారం లాగిన్ చూసుకునే ఫారంఆథెంటికేటర్ కూడా ఒక వాల్వే, కాంటెక్స్ట్ (అంటే ఒక వెబ్ అప్లికేషన్) స్థాయి పైప్‌లైన్‌లో ఉంటుంది. ఫిల్టర్ల గొలుసు తయారయ్యేది ఆ పైప్‌లైన్ దాటి, సర్వ్‌లెట్‌ని పిలిచే ఆఖరి ఘట్టంలో. జె_సెక్యూరిటీ_చెక్‌తో ముగిసే అడ్రస్ కనిపించగానే ఫారంఆథెంటికేటర్ ఆ రిక్వెస్ట్‌ని అక్కడే తేల్చేసి జవాబు పంపేస్తుంది. ఇక ఫిల్టర్ వంతు ఎక్కడిది?

దశ 2: మీకు కావలసింది ఏ క్షణం?

"లాగిన్‌ని ఇంటర్‌సెప్ట్ చేయాలి" అని టికెట్‌లో రాసినవాళ్ల మనసులో మూడు వేర్వేరు పనుల్లో ఏదో ఒకటి ఉంటుంది. పాస్‌వర్డ్ సరిచూడకముందే ఆపడం ఒకటి: క్యాప్చా, ఐపీ నిషేధం, రేటు పరిమితి లాంటివి. లాగిన్ అయ్యాక ఏదైనా చేయడం రెండోది: ఆడిట్, చివరి లాగిన్ సమయం, యూజర్ ప్రొఫైల్ సెషన్‌లోకి తేవడం. ఫెయిలైనప్పుడు చేయడం మూడోది. వీటికి పట్టుకునే చోట్లు వేరు. మూడూ ఒకే చోట కుక్కాలని చూస్తేనే తలనొప్పి మొదలవుతుంది.

నేను చూసినంతలో అడిగేవాళ్లలో ఎక్కువమందికి నిజంగా కావలసింది రెండోదే. దానికి లాగిన్ రిక్వెస్ట్‌ని ముట్టుకోనే అక్కర్లేదు. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

దశ 3: సక్సెస్ మాత్రమే కావాలంటే మామూలు ఫిల్టర్ చాలు

జె_సెక్యూరిటీ_చెక్ ఫిల్టర్‌కి అందకపోయినా, దాని తర్వాత వచ్చే రిక్వెస్ట్ అందుతుంది కదా. అన్ని అడ్రసులకూ మ్యాప్ చేసిన ఫిల్టర్‌లో ఈ వరుస పెట్టండి. గెట్‌యూజర్‌ప్రిన్సిపల్ పిలవండి, లాగిన్ అయిన యూజర్ (ప్రిన్సిపల్) ఎవరో అది చెబుతుంది. నల్ వస్తే ఏమీ చేయకుండా ముందుకు పంపేయండి. నల్ కాకపోతే సెషన్‌లో మీరు పెట్టుకున్న గుర్తు ఉందేమో చూడండి. లేకపోతే ఇదే లాగిన్ తర్వాతి మొదటి రిక్వెస్ట్. ఆడిట్ రాసి, గుర్తు పెట్టండి.

ఆ గుర్తుగా ట్రూ అని పెట్టకండి, యూజర్ పేరే పెట్టండి, ప్రతిసారీ ప్రిన్సిపల్ పేరుతో పోల్చండి. కారణం ఇదీ: టామ్‌క్యాట్‌లో లాగౌట్ మెథడ్ పిలిస్తే యూజర్ గుర్తింపు పోతుందే గానీ సెషన్ చావదు. అదే కంప్యూటర్‌లో, అదే సెషన్‌లో ఇంకొకరు లాగిన్ అయితే పాత ట్రూ అలాగే ఉండి రెండో మనిషి లాగిన్ ఆడిట్‌కి ఎక్కదు. అసలు లాగౌట్‌లో సెషన్‌ని ఇన్‌వాలిడేట్ కూడా చేసేయడమే మంచి అలవాటు.

పేజీ తెరవగానే అరడజను ఏపీఐలు ఒకేసారి పిలిచే అప్లికేషన్లలో రెండు థ్రెడ్లు ఒకే క్షణంలో "గుర్తు లేదు" అనుకుని రెండు వరుసలు రాసే ప్రమాదం ఉంది. ఆడిట్ టేబుల్‌లో సెషన్‌కీ యూజర్‌కీ కలిపి యూనిక్ కీ పెడితే సరిపోతుంది. కోడ్‌లో తాళాలు వేయడం కన్నా ఇదే తేలిక.

ఈ పద్ధతి ఏ సర్వర్‌లోనైనా పనిచేస్తుంది. సర్వర్ మారినా కోడ్ మారదు. మీ అవసరం ఇంతే అయితే కింద ఉన్న వాల్వ్‌ల జోలికి పోకండి.

దశ 4: ముందే ఆపాలంటే టామ్‌క్యాట్ వాల్వ్

ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం, ఎందుకంటే చిక్కులన్నీ ఇక్కడే ఉన్నాయి.

వాల్వ్ రాయడానికి వాల్వ్‌బేస్‌ని ఎక్స్‌టెండ్ చేసి ఇన్వోక్ మెథడ్ రాయాలి. మేవెన్‌లో టామ్‌క్యాట్ కాటలీనా డిపెండెన్సీని ప్రొవైడెడ్ స్కోప్‌తో పెట్టండి, వెర్షన్ మీ సర్వర్ వెర్షన్‌తో కలవాలి. కన్‌స్ట్రక్టర్‌లో సూపర్‌కి ట్రూ పంపండి. లేకపోతే ఈ వాల్వ్ అసింక్ (జవాబు తర్వాత వేరే థ్రెడ్ నుంచి పంపే) రిక్వెస్ట్‌లకు ఒప్పుకోదని టామ్‌క్యాట్ అనుకుంటుంది. ఫలితంగా లాగిన్‌తో సంబంధంలేని అసింక్ సర్వ్‌లెట్లు ఆగిపోతాయి. కారణం ఇక్కడుందని ఎవరికీ వెంటనే తట్టదు.

ఇన్వోక్‌లో మొదటి పని, ఇది లాగిన్ రిక్వెస్టో కాదో తేల్చడం. చాలామంది గెట్‌రిక్వెస్ట్‌యూఆర్ఐ తీసుకుని, అది జె_సెక్యూరిటీ_చెక్‌తో ముగుస్తుందా అని చూస్తారు. అందులో రెండు చిల్లులున్నాయి. బ్రౌజర్‌లో కుకీలు ఆపేసి ఉంటే అడ్రస్ చివర సెమీకోలన్ పెట్టి సెషన్ ఐడీ తగిలించి ఉంటుంది, మీ పోలిక తప్పుతుంది. దురుద్దేశం ఉన్నవాడు ఇంకో పని చేస్తాడు. అండర్‌స్కోర్ బదులు శాతం గుర్తు పెట్టి 5ఎఫ్ అని రాసి పంపుతాడు. మీ వాల్వ్ దాన్ని గుర్తుపట్టదు. ఫారంఆథెంటికేటర్ చూసేది డీకోడ్ అయిన అడ్రస్ కాబట్టి అది గుర్తుపట్టి లాగిన్ చేయిస్తుంది. మీ క్యాప్చా అంతా అలా దాటిపోతుంది. అందుకే గెట్‌డీకోడెడ్‌రిక్వెస్ట్‌యూఆర్ఐ వాడండి. సెమీకోలన్ తర్వాతి భాగం కూడా అందులో ఉండదు. ఆథెంటికేటర్ దేన్ని చూసి నిర్ణయిస్తుందో మీరూ దాన్నే చూడాలి.

లాగిన్ రిక్వెస్ట్ కాకపోతే గెట్‌నెక్స్ట్ తీసుకుని దాని ఇన్వోక్ పిలిచి వెనక్కి వచ్చేయండి. ఈ ఒక్క లైను మరిచిపోతే సైటు మొత్తం ఖాళీ పేజీలు చూపిస్తుంది.

లాగిన్ రిక్వెస్టే అయితే హెచ్‌టీటీపీ మెథడ్ చూడండి. ఫారం పోస్ట్‌లోనే పంపాలని స్పెసిఫికేషన్ అంటుంది గానీ, టామ్‌క్యాట్ ఆథెంటికేటర్ అడ్రస్ చూస్తుందే తప్ప మెథడ్ పట్టించుకోదు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడ్రస్‌లోనే పెట్టి గెట్ పంపినా లాగిన్ చేస్తుంది. అలా వచ్చిన పాస్‌వర్డ్ యాక్సెస్ లాగ్‌లో, ప్రాక్సీ లాగ్‌లో, బ్రౌజర్ హిస్టరీలో అచ్చుపడి ఉంటుంది. కాబట్టి పోస్ట్ కాకపోతే 405తో తిప్పి పంపేయండి. వాల్వ్ రాసినందుకు ఈ ఒక్క ప్రయోజనం దక్కినా చాలు.

తర్వాత పారామీటర్లు చదవాలి. మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగిలే రాయి ఇక్కడుంది. యూజర్‌నేమ్ తెలుగులో పెట్టుకోనిచ్చే పోర్టల్ అనుకోండి. సీత అని కొడితే మూడు యూనికోడ్ గుర్తులు: స, దీర్ఘం, త. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటీ మూడు బైట్లు, మొత్తం తొమ్మిది. ఎన్‌కోడింగ్ చెప్పకుండా గెట్‌పారామీటర్ పిలిస్తే, పాత టామ్‌క్యాట్‌లు ఆ తొమ్మిది బైట్లనూ ఐఎస్ఓ 8859-1గా చదివి తొమ్మిది పిచ్చి గుర్తులు చేతికిస్తాయి. అసలు దెబ్బ తర్వాత తగులుతుంది. రిక్వెస్ట్ బాడీని టామ్‌క్యాట్ ఒక్కసారే పార్స్ చేస్తుంది. మీ వాల్వ్ తొందరపడి తప్పుగా చదివిస్తే, వెనక ఉన్న ఫారంఆథెంటికేటర్‌లో క్యారెక్టర్‌ఎన్‌కోడింగ్ సరిగ్గా పెట్టి ఉన్నా ఇక లాభం లేదు. నిన్నటిదాకా లాగిన్ అయిన సీత ఈరోజు అవ్వలేదంటే వాల్వ్ వల్లే. గెట్‌పారామీటర్ పిలిచేముందు సెట్‌క్యారెక్టర్‌ఎన్‌కోడింగ్‌తో యూటీఎఫ్-8 పెట్టండి.

ఎన్‌కోడింగ్ సరిచేశాక కూడా తెలుగు పేర్లతో ఒక చిక్కు మిగులుతుంది. రాజ్‌కుమార్ అని రాసేటప్పుడు పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు పడుతుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. ఐకారం గుర్తును కూడా ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, రెండు కోడ్‌లు కలిపీ రాయొచ్చు, చూడ్డానికి తేడా ఉండదు. ఖాతా తెరిచేటప్పుడూ, లాగిన్‌లోనూ పేరును ఎన్ఎఫ్‌సీ (ఒకే అక్షరానికి ఒకే కోడ్ వరుస వచ్చేలా చేసే యూనికోడ్ పద్ధతి) రూపంలోకి మార్చి, ఆ కనిపించని గుర్తు తీసేసి పోల్చండి. ఎన్ఎఫ్‌సీ ఒక్కటే ఆ గుర్తును తీసేయదు, అది వేరే లైనులో చేయాలి. అయితే వాల్వ్ చదివిన పేరును మార్చి ఆథెంటికేటర్‌కి అందించడం కష్టం. ఈ సర్దుబాటు రెల్మ్‌లో (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సరిచూసే టామ్‌క్యాట్ భాగం) చేయడమే సరైన పద్ధతి. వాల్వ్‌లో మీ లెక్కల కోసం మాత్రమే చేసుకోండి.

ఇక మీ తనిఖీలు: క్యాప్చా జవాబు, ఫలానా యూజర్‌కి ఎన్ని ప్రయత్నాలయ్యాయి, మీరేది పెట్టుకుంటే అది. ఆపాలనుకుంటే 429 పంపి రిటర్న్ అవ్వండి. వదలాలనుకుంటే గెట్‌నెక్స్ట్ ఇన్వోక్.

కాన్ఫిగరేషన్ చిన్నదే. అప్లికేషన్‌లో మెటా-ఐఎన్ఎఫ్ ఫోల్డర్‌లోని కాంటెక్స్ట్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో, కాంటెక్స్ట్ ట్యాగ్ లోపల వాల్వ్ ట్యాగ్ పెట్టి, క్లాస్‌నేమ్ యాట్రిబ్యూట్‌లో మీ క్లాస్ పూర్తి పేరు రాయండి. అక్కడ రాసిన వాల్వ్‌లు ముందు చేరతాయి, ఫారంఆథెంటికేటర్‌ని టామ్‌క్యాట్ ఆ తర్వాత తగిలిస్తుంది. కాబట్టి మీదే ముందు నడుస్తుంది. జార్ ఫైల్ మాత్రం వార్‌లో (అప్లికేషన్ ప్యాకేజీ ఫైల్) కాదు, టామ్‌క్యాట్ లిబ్ ఫోల్డర్‌లో ఉండాలి. సర్వర్ మీద చేయి పెట్టే అనుమతి లేని ఆఫీసుల్లో ఈ పద్ధతి ఇక్కడే ఆగిపోతుంది. అలాంటివాళ్లు నేరుగా దశ 7కి వెళ్లండి.

వాల్వ్‌లో ఇంకొక ఆశ పుడుతుంది. గెట్‌నెక్స్ట్ నుంచి వెనక్కి వచ్చాక రెస్పాన్స్ స్టేటస్ చూసి, రీడైరెక్ట్ అయితే సక్సెస్ అని రాసేద్దాం అని. వద్దు. లాగిన్ పేజీ తెరిచి టీకి వెళ్లొచ్చేలోపు సెషన్ చచ్చిపోయిన యూజర్‌ని తీసుకోండి. ల్యాండింగ్‌పేజ్ సెట్టింగ్ (యూజర్ అసలు అడిగిన పేజీ తెలియనప్పుడు పంపే పేజీ) ఉంటే టామ్‌క్యాట్ అతన్నీ రీడైరెక్టే చేస్తుంది, కానీ అతను లాగిన్ అవ్వలేదు, మళ్లీ లాగిన్ పేజీ చూస్తాడు. మీ ఎర్రర్ పేజీ జేఎస్పీ తనంతట తాను రీడైరెక్ట్ చేసినా స్టేటస్ మోసం చేస్తుంది. సక్సెస్‌కి దశ 3 ఉంది, ఫెయిల్యూర్‌కి కిందిది ఉంది.

దశ 5: ఫెయిల్ అయినప్పుడు

ఫారంఆథెంటికేటర్‌ని ఎక్స్‌టెండ్ చేసి ఫార్వర్డ్‌టుఎర్రర్‌పేజ్ అనే ప్రొటెక్టెడ్ మెథడ్‌ని ఓవర్‌రైడ్ చేయండి. పాస్‌వర్డ్ తప్పైనప్పుడు టామ్‌క్యాట్ పిలిచేది దాన్నే. మీ లెక్క రాసుకుని సూపర్‌ని పిలిస్తే సరి. ఈ క్లాస్‌నీ కాంటెక్స్ట్ ఫైల్‌లో వాల్వ్‌గా రాయాలి. అప్పటికే ఒక ఆథెంటికేటర్ ఉందని చూసి టామ్‌క్యాట్ తనది తగిలించడం మానేస్తుంది. క్యారెక్టర్‌ఎన్‌కోడింగ్, ల్యాండింగ్‌పేజ్ ఈ ట్యాగ్ మీదే పెట్టుకోవచ్చు. ల్యాండింగ్‌పేజ్ లేకపోతే, లాగిన్ పేజీని బుక్‌మార్క్ చేసుకుని నేరుగా వచ్చినవాళ్లకు 400, సెషన్ గడువు దాటినవాళ్లకు 408 కనిపిస్తాయి. "సైటు పనిచేయట్లేదు" అని హెల్ప్‌డెస్క్‌కి వచ్చే ఫోన్లలో ఇవీ ఉంటాయి.

దశ 4లో వాల్వ్ చేసిన పని కూడా ఈ క్లాస్‌లోనే చేయొచ్చు, ఆథెంటికేషన్ మెథడ్‌ని ఓవర్‌రైడ్ చేసి. దాని పేరు పాత వెర్షన్లలో ఆథెంటికేట్, 8.5 నుంచి డూఆథెంటికేట్. అప్‌గ్రేడ్ రోజున ఇలాంటివే ఏడిపిస్తాయి కాబట్టి నేనైతే ముందుతనిఖీని విడి వాల్వ్‌గానే ఉంచుతాను.

తప్పు ప్రయత్నాలు లెక్కపెట్టి ఖాతాకి తాళం వేయడమే మీ పని అయితే ఇదంతా రాయకముందు లాకౌట్‌రెల్మ్ చూడండి. టామ్‌క్యాట్‌తో వచ్చే సర్వర్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో అది ఇప్పటికే ఉంటుంది. డిఫాల్ట్‌గా 5 తప్పులకు 300 సెకన్ల తాళం. మీ సొంత రెల్మ్‌ని దాని లోపల పెట్టకుండా పక్కన పెట్టడం వల్లే అది చాలా చోట్ల ఊరికే పడి ఉంటుంది.

దశ 6: వెబ్‌స్ఫియర్ అయితే

పాత బ్యాంకు, బీమా ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్లకు ఇది మంచి వార్తే. ఐబీఎమ్ వెబ్‌స్ఫియర్‌లో జె_సెక్యూరిటీ_చెక్‌కి మ్యాప్ చేసిన ఫిల్టర్ నిజంగానే నడుస్తుంది. ఐబీఎమ్ డాక్యుమెంటేషన్‌లోనే ఈ పద్ధతి చెప్పారు. డూఫిల్టర్‌కి ముందు రాసింది లాగిన్‌కి ముందు, తర్వాత రాసింది లాగిన్ తర్వాత. ఇంటర్నెట్‌లో ఒకరు "నాకు పనిచేసింది" అనడం, పక్కనే ఇంకొకరు "అస్సలు పనిచేయదు" అనడం వెనక రహస్యం ఇదే. ఇద్దరిదీ నిజమే, సర్వర్లు వేరు. దీన్ని నమ్ముకుని రాసిన అప్లికేషన్‌ని టామ్‌క్యాట్‌కి తరలిస్తే ఫిల్టర్ నిశ్శబ్దంగా మూగబోతుంది. మైగ్రేషన్ చెక్‌లిస్ట్‌లో దీన్ని ముందు వరుసలో రాసుకోండి.

దశ 7: మీ చేతిలోనే పెట్టుకోవడం

కొత్తగా రాస్తున్నా, సర్వర్ లిబ్ ఫోల్డర్ మీ చేతిలో లేకపోయినా, జె_సెక్యూరిటీ_చెక్‌ని వదిలేయడమే నా సలహా. 2009 డిసెంబర్‌లో వచ్చిన సర్వ్‌లెట్ 3.0 రిక్వెస్ట్ ఆబ్జెక్ట్‌కి లాగిన్, లాగౌట్, ఆథెంటికేట్ అనే మెథడ్లు ఇచ్చింది. ఇక లాగిన్ ఫారం మీ సొంత సర్వ్‌లెట్‌కి పోస్ట్ చేస్తుంది. ఆ సర్వ్‌లెట్ మామూలు సర్వ్‌లెట్ కాబట్టి ఫిల్టర్లన్నీ దానికి వర్తిస్తాయి. ముందు, సక్సెస్, ఫెయిల్యూర్ మూడూ ఒకే మెథడ్‌లో మీ కళ్ల ముందు ఉంటాయి.

వెబ్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో ఫారం లాగిన్ సెట్టింగులు అలాగే ఉంచండి. లాగిన్ పేజీకి తీసుకురావడం కంటైనర్ (అంటే సర్వర్) పనే. ఫారం యాక్షన్ మాత్రం మీ సర్వ్‌లెట్ అడ్రస్‌కి మారుతుంది. డూపోస్ట్‌లో వరుస ఇలా ఉండాలి. సీఎస్ఆర్‌ఎఫ్ టోకెన్ సరిచూడండి. జె_సెక్యూరిటీ_చెక్‌లో దీనికి చోటే లేదు. అందువల్ల వేరే సైటు నుంచి ఒక ఫారం పంపి, బాధితుడిని దొంగ తన సొంత ఖాతాలోకి లాగిన్ చేయించే మోసానికి అది లొంగుతుంది. తర్వాత క్యాప్చా, రేటు పరిమితి. తర్వాత గెట్‌సెషన్ పిలిచి సెషన్ ఉండేలా చూసుకోండి. టామ్‌క్యాట్‌లో సెషన్ లేకుండా లాగిన్ చేస్తే ఆ ఒక్క రిక్వెస్ట్‌కే యూజర్ గుర్తుంటాడు, తర్వాతి క్లిక్‌లో మళ్లీ లాగిన్ పేజీ వస్తుంది. అప్పుడు లాగిన్ పిలవండి. ఫెయిలైతే సర్వ్‌లెట్ఎక్సెప్షన్ వస్తుంది, క్యాచ్‌లో ఫెయిల్యూర్ లెక్క రాయండి. అప్పటికే లాగిన్ అయి ఉన్నవాడు మళ్లీ పంపినా ఇదే ఎక్సెప్షన్ వస్తుంది, కాబట్టి ముందే ప్రిన్సిపల్ నల్లో కాదో చూడకపోతే డబుల్ క్లిక్‌లు కూడా "తప్పు పాస్‌వర్డ్" లెక్కలో పడతాయి. సక్సెస్ అయితే ఛేంజ్‌సెషన్ఐడీ పిలవండి. ఇది సర్వ్‌లెట్ 3.1 నుంచి ఉంది. టామ్‌క్యాట్ తనంతట తానే మార్చినా, ఇంకో సర్వర్‌లో మార్చకపోవచ్చు.

ఈ స్వేచ్ఛకు ఖరీదు ఒకటుంది. యూజర్ మొదట అడిగిన పేజీకి తిరిగి పంపే బాధ్యత మీ నెత్తిన పడుతుంది. లాగిన్ పేజీ ఫార్వర్డ్ ద్వారా వస్తుంది కనుక, ఫార్వర్డ్ రిక్వెస్ట్ యూఆర్ఐ అనే యాట్రిబ్యూట్‌లో అసలు అడ్రస్ దొరుకుతుంది. దాన్ని సెషన్‌లో పెట్టుకోండి. ఫారంలో హిడెన్ ఫీల్డ్‌గా పెడితే ఎవరైనా దాన్ని మార్చి, లాగిన్ అయిన యూజర్‌ని దొంగ సైటుకి పంపగలరు. తప్పక హిడెన్ ఫీల్డే వాడాల్సి వస్తే, ఆ అడ్రస్ మీ కాంటెక్స్ట్ పాత్‌తోనే మొదలవుతోందా అని చూడండి, రెండు స్లాష్‌లతో మొదలైతే తిరస్కరించండి.

స్ప్రింగ్ సెక్యూరిటీ వాడేవాళ్లకు ఈ గొడవ చాలావరకు లేదు. అక్కడ లాగిన్ చూసేది కూడా ఫిల్టరే, యూజర్‌నేమ్‌పాస్‌వర్డ్ఆథెంటికేషన్‌ఫిల్టర్. దాని ముందు మీది పెట్టడానికి యాడ్‌ఫిల్టర్‌బిఫోర్, తర్వాతి వాటికి సక్సెస్ హ్యాండ్లర్, ఫెయిల్యూర్ హ్యాండ్లర్. స్ప్రింగ్ బూట్‌లో మీ ఫిల్టర్ మీద కాంపొనెంట్ యానొటేషన్ పెడితే అది సెక్యూరిటీ గొలుసులోనూ, సర్వర్ గొలుసులోనూ రెండు చోట్లా చేరుతుంది. వన్స్‌పర్‌రిక్వెస్ట్‌ఫిల్టర్‌ని ఎక్స్‌టెండ్ చేయకపోతే ఒక్కో లాగిన్‌కి రెండు లెక్కలు పడతాయి. జావా ఈఈ 8తో 2017లో వచ్చిన సెక్యూరిటీ ఏపీఐలో హెచ్‌టీటీపీఆథెంటికేషన్‌మెకానిజం అనే ఇంటర్‌ఫేస్ ఉంది. సర్వర్ మారినా నిలిచే పద్ధతి కావాలంటే అదీ చూడదగ్గదే.

దశ 8: ఏం రాసిపెట్టాలి, ఏం రాయకూడదు

లాగిన్ రిక్వెస్ట్ మన కోడ్ గుండా వెళ్తోందంటే పాస్‌వర్డ్ కూడా వెళ్తోందన్నమాట. డీబగ్ కోసం పారామీటర్లన్నీ ప్రింట్ చేసే ఒక్క లైను చాలు. 2018 మేలో ట్విట్టర్, హ్యాష్ చేయకముందే పాస్‌వర్డ్‌లు లోపలి లాగ్‌లోకి పడ్డాయని ఒప్పుకుని తన 33 కోట్ల యూజర్లకు పాస్‌వర్డ్ మార్చుకోమని సూచించింది. 2019 మార్చిలో ఫేస్‌బుక్ కూడా కోట్లాది పాస్‌వర్డ్‌లు తన లోపలి సిస్టమ్స్‌లో చదవగలిగే రూపంలో ఉన్నాయని చెప్పింది. ఆ స్థాయి కంపెనీల్లోనే జరిగింది కాబట్టి, మీ వాల్వ్‌లో జె_పాస్‌వర్డ్ అనే మాటే లేకుండా చూసుకోండి. క్యాప్చాకి, రేటు పరిమితికి పాస్‌వర్డ్‌తో పనిలేదు.

ఫెయిలైన యూజర్‌నేమ్ రాయడం కూడా అనుకున్నంత అమాయకం కాదు. తొందరలో జనం యూజర్‌నేమ్ పెట్టెలో పాస్‌వర్డ్ కొట్టేస్తుంటారు. ఆ పేరుతో ఖాతా ఉంటేనే యథాతథంగా రాయండి, లేకపోతే "తెలియని యూజర్" అని రాయండి. పేరులో లైన్ బ్రేక్ గుర్తులుంటే తీసేయండి, లేకపోతే లాగ్‌లో దొంగ లైన్లు సృష్టించొచ్చు.

ఐపీ అడ్రస్ విషయానికొస్తే, ముందు ఎన్‌జిన్ఎక్స్ లాంటి ప్రాక్సీ ఉంటే మీకు కనిపించేది ప్రాక్సీ ఐపీనే. ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్‌ని మీరే చదవకండి, అది ఎవరైనా రాసి పంపగలిగేది. టామ్‌క్యాట్ రిమోట్‌ఐపీవాల్వ్ పెట్టి, నమ్మదగిన ప్రాక్సీల అడ్రసులు చెప్పి, ఆ పని దానికి వదిలేయండి. ఇక ఐపీ మీద తాళం వేసేముందు ఆలోచించండి. మొబైల్ డేటాలో ఎంతోమంది ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉంటారు, హాస్టల్ వైఫైలోనూ అంతే. ఫలితాలు విడుదలైన రోజు ఐదుగురు తప్పు కొట్టినందుకు హాస్టల్ మొత్తానికి గేటు మూసేస్తే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఖాతాకి ఒక పరిమితి, ఐపీకి అంతకన్నా చాలా పెద్ద పరిమితి పెట్టి, రెండోది దాటితే తాళం బదులు క్యాప్చా చూపించండి. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ మార్గదర్శకాల్లో, ఒక ఖాతాపై వరుసగా ఫెయిలయ్యే ప్రయత్నాలు 100 దాటకూడదని ఉంది. 3 తప్పులకే ఖాతా మూసేసే మన పోర్టల్స్ కన్నా అది ఎంత ఉదారమో చూడండి.

భారత్‌లో నడిచే సర్వర్లకు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. సర్వర్ గడియారాలు ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో, లేదా వాటిని అనుసరించే టైమ్ సర్వర్లతో కలవాలి. లాగ్ రొటేషన్ 30 రోజులకు చెరిపేసేలా పెట్టి ఉంటే మార్చుకోండి.

దశ 9: పరీక్షించడం

మీరు రాసినది నిజంగా పనిచేస్తోందో లేదో బ్రౌజర్‌తో ఒక్కటే తేలదు, కర్ల్ (కమాండ్ లైన్ నుంచి రిక్వెస్ట్‌లు పంపే టూల్) కూడా పెట్టుకోండి. కుకీ ఫైల్ వాడుతూ ముందు మార్కుల పేజీ అడగండి, అదే కుకీతో జె_సెక్యూరిటీ_చెక్‌కి పోస్ట్ చేయండి. సరైన పాస్‌వర్డ్‌తో 303, తప్పు దానితో 200 రావాలి, 303 చూపిన పేజీ కూడా అడిగాక రెండు చోట్లా ఆడిట్‌లో ఒక్కో వరుసే పడాలి. గెట్‌తో పంపితే 405 రావాలి. అండర్‌స్కోర్‌ని శాతం 5ఎఫ్‌గా మార్చి పంపినా మీ తనిఖీ నడవాలి. సీత పేరుతో లాగిన్ చేసి ఆడిట్ టేబుల్‌లో సీత అనే పడిందో లేదో చూడండి. పదిహేను ఫోటోలు తెచ్చే పేజీకి లాగిన్ అయి వరుసలు లెక్కపెట్టండి.

ఇంకొకటి. సెషన్ లేని స్థితిలో ఒక పెద్ద ఫారం నింపి పంపి చూడండి. లాగిన్ పేజీ మధ్యలో అడ్డుపడినప్పుడు ఆ పోస్ట్‌ని టామ్‌క్యాట్ దాచిపెట్టేది మ్యాక్స్‌సేవ్‌పోస్ట్‌సైజ్ అనే పరిమితి మేరకే, డిఫాల్ట్‌గా 4096 బైట్లు. తెలుగు అక్షరాలు ఫారం ఎన్‌కోడింగ్‌లో ఒక్కో గుర్తుకి తొమ్మిది అక్షరాలుగా మారతాయి, కాబట్టి 450 గుర్తులు దాటిన తెలుగు ఫిర్యాదు దాంట్లో పట్టదు. కనెక్టర్ ట్యాగ్‌లో ఆ సంఖ్య పెంచండి, లేదా సెషన్ గడువు దాటేముందే పేజీలో హెచ్చరిక చూపించండి.